ఉల్లిగడ్డ, ఏడు ఈకలు

గ్యూమ్రీలో ఫిబ్రవరి ఇంకా పళ్లు కొరుకుతూనే ఉంది.
గుడి తెర చిరిగిందని ఫాదర్ మెస్రోప్ కబురంపాడు.
నేను షోఘిక్‌ని, కుట్టుపనిదాన్ని.
దేవుడి పనికైనా దారం నాదే, వేళ్లు నావే,
కళ్లజోడు మాత్రం పోయిన మా ఆయనది.

రేపట్నుంచి ఆ తెర మూసేస్తారు.
పండగ దాకా బలిపీఠం కనపడదు.
తోటలోంచి గెంటేసిన ఆదాము అవ్వల్లా
అందరం ఇవతలే నిలబడాలి.

నల్ల మఖమలు.
ఎలక కొరికిందో, కొవ్వొత్తి తగిలిందో
మూలన అరచెయ్యంత చిరుగు.
మోకాళ్ల మీద కూర్చుని కుడుతుంటే
ప్రార్థనలో ఉన్నాననుకుని ఫాదర్
అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.
నేను లోపల్లోపల మా చెల్లెల్ని తిట్టుకుంటున్నాను.

ఇంటికొచ్చి దూలానికి ఉల్లిగడ్డ వేలాడదీశాను,
ఏడు కోడి ఈకలు గుచ్చి,
మా అమ్మ గుచ్చినట్టే.
వారానికొకటి పీకాలి.
ఆఖరుది పీకిన నాడు గుడ్లు, వెన్న, గొర్రె మాంసం.
అందాకా పప్పు, ఎండు ఆప్రికాట్లు,
నోరు కట్టుకోవడం.

నోరు కట్టుకోవడమే భక్తయితే
ఈ ఊళ్లో నన్ను మించిన భక్తురాలు లేదు.
ఇరవై రెండేళ్లుగా అరుస్యాక్‌తో
ఒక్క మాట మాట్లాడలేదు.

భూకంపం రాళ్ల కిందనుంచి
గోళ్లతో తవ్వి తీసుకున్నాం అమ్మ కుట్టుమిషను.
కరెంటు లేని ఆ చలికాలం
నేను ఊళ్లో లేనప్పుడు దాన్నమ్మి కట్టెలు కొన్నది.
ఆ కట్టెల మంటకు వెచ్చబడింది అమ్మే.
నాకు తెలుసు.
తెలిసే ఇరవై రెండేళ్లు.

రెండో వారం మా మనవడు తాతుల్
కుర్చీ ఎక్కి ఈకలు రెండు పీకేశాడు,
పండగ తొందరగా వస్తుందని.
ఒకటి తిరిగి గుచ్చబోతే
పాత కన్నంలో నిలవలేదు.
పక్కన కొత్తగా పొడిచాను.
చేతికి ఉల్లి వాసన, కళ్లలో నీళ్లు.
ఉల్లి వల్లేనని వాడికి చెప్పాను.

గుడిలో అందరూ తెర అవతలి దేవుణ్ణి చూస్తారు.
నేను మూలనున్న నా కుట్టు చూస్తాను.
ఒక్కటి వంకరపోయింది.
అదీ ఇటువైపు.
అటువైపు ముడులూ దారం కొసలూ.
ఆయన కూర్చున్నది అటువైపే కదా.

సరిగ్గా సగంలో బుధవారం.
రొట్టె కాల్చి లోపల బిళ్ల పెట్టాను,
ఎవరి ముక్కలో వస్తే ఈ ఏడు అదృష్టం వాళ్లది.
ఇంట్లో నలుగురం. ముక్కలు ఐదు కోశాను.
లేనివాళ్లకొకటి తియ్యడం అమ్మ పద్ధతి,
కత్తికింకా గుర్తుంది.
నలుగురం పళ్లు జాగ్రత్త చేసుకుంటూ నమిలాం.
బిళ్ల రాలేదు.
తాతుల్ ఐదో ముక్క వైపు చూసి
"ఎవరిది నానమ్మా?" అన్నాడు.

గుడ్డలో చుట్టుకుని బయల్దేరాను.
ఆగిపోయిన లిఫ్టు, నాలుగంతస్తులు,
మోకాళ్లకిదే నిజమైన తపస్సు.
తలుపు తెరిచింది అరుస్యాక్.
జుట్టంతా తెల్లబడింది. నాకెవరూ చెప్పలేదు.
దాని వెనక లైటు తీగకు ఉల్లిగడ్డ,
నాలుగు ఈకలు. మా లెక్కే.
మధ్యలోంచి మాత్రం వేలెడు పచ్చటి మొలక,
ఎవరూ గుచ్చనిది.

దారంతా కూడబలుక్కున్న మాటలు మెట్ల మీదే పోయాయి.
"నీ ఉల్లిగడ్డ మొలకెత్తిందే" అన్నాను.
"చూశాలే. తలుపెయ్యి, చలి" అంది.

రొట్టె ముక్క చేతికిస్తే
మాటైనా లేకుండా కొరికి
"అబ్బా, నా పన్ను!" అని అరిచింది.

గుడిలో తెర ఇంకా తియ్యలేదు.
మూడున్నర వారాలుంది.